దామలచెరువు రైతు అడిగిన ప్రశ్న

తిరుపతి

అమ్మా,

2024 ఎన్నికల ప్రచారంలో నువ్వు నింపుకున్న నోటుపుస్తకం ఆధారంగా రాసి పంపిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. దామలచెరువులో సినీనటుడి రోడ్‌షోను కళ్లకు కట్టావు. కారు పైకప్పు తెరుచుకోవడం, ఆయన నల్లకళ్లద్దాలు తీసి నుదుటి మీదికి ఎక్కించుకోవడం, క్రేనుకు వేలాడదీసిన గజమాల, జేసీబీ తొట్టిలోంచి కురిసిన బంతిపూలు, అన్నీ చక్కగా పట్టుకున్నావు. వాక్యం నీ చేతికి లొంగుతోంది. అయితే ఆరు పేజీల్లో అభ్యర్థి ఒక్కచోటే కనిపిస్తాడు, అదీ నటుడి పక్కన నిలబడి చెయ్యి ఊపుతూ. చివరి పేజీలో, రాసి వదిలేసినట్టుగా, ఒక రైతు ఉన్నాడు. ‘తోతాపురి ధర సంగతేంది సామీ?’ అని ఆయన గట్టిగా అడిగాడని, కారు ముందుకు కదిలిందని రాశావు. నీ వ్యాసం అక్కడ మొదలుకావాలి.

ఆ ప్రశ్న వెనుక ఎంత ఉందో చూడు. తోతాపురి మామిడి ఇంట్లో కోసుకు తినడానికి పెంచే కాయ కాదు. చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీలు కొంటేనే దానికి ధర. కాయ పక్వానికొచ్చాక చెట్టు మీద ఆగదు, కోశాక ట్రాక్టరులో నిలవదు, కాబట్టి ఫ్యాక్టరీ గేటు ముందు వరుసలో గడిచే ప్రతి రాత్రీ రైతు బేరాన్ని దిగజారుస్తుంది. ఆ రైతు అడిగిన మరుసటి ఏడాదే, 2025 సీజన్‌లో, ధర పడిపోయి, కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 రూపాయలు ఇచ్చేలా నిర్ణయించవలసి వచ్చింది. ప్రచారం నాడే ఈ సమస్య రోడ్డు మీదికొచ్చి, పేరు పెట్టి పలికింది. నువ్వు దాన్ని విన్నావు, రాసుకున్నావు, కానీ కళ్లద్దాలకు ఇచ్చినంత చోటు దానికి ఇవ్వలేదు.

ఈ పొరపాటు నాకూ తెలుసు. 2008 ఆగస్టు 26న చిరంజీవి ఇక్కడే, తిరుపతిలో, ప్రజారాజ్యం పార్టీని ప్రకటించినప్పుడు ఆ సభ గురించి నేనూ రాశాను. జనసముద్రం, ఈలలు, దుమ్ము, చెట్లెక్కిన కుర్రవాళ్లు, రాయడానికి ఏదీ మిగల్చలేదు. సామాజిక న్యాయం గురించి ఆయన చెప్పినదానికి మాత్రం నా కథనంలో రెండు వాక్యాలు కూడా దక్కలేదు. మర్నాడు గోవిందరాజస్వామి గుడి దగ్గర పూలు కట్టే ఒకామె, చేతిలో దారం ఆపకుండానే, ‘అయితే ఆయప్ప మనకేం చేస్తానన్నాడు?’ అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. అంతసేపు అక్కడ ఉండి, వినవలసింది వినకుండా వచ్చానని అప్పుడు తెలిసింది. ఆ సిగ్గు ఇప్పటికీ నాలో ఉంది.

సభకు వచ్చిన జనమంతా ఓటుగా మారరని చెప్పడానికి మన ఊరికంటే మంచి సాక్ష్యం లేదు. 2009లో తిరుపతి చిరంజీవిని గెలిపించింది, పాలకొల్లు ఓడించింది, 294 స్థానాల్లో పార్టీకి 18 వచ్చాయి, 2011లో అది కాంగ్రెస్‌లో కలిసిపోయింది, 2012లో మనకు ఉప ఎన్నిక వచ్చింది. అంతకు ముందు 1983లో ఎన్టీఆర్ గుడివాడతో పాటు తిరుపతిలోనూ గెలిచి, గుడివాడను ఉంచుకున్నారు. అంటే ఈ ఊరు ఇద్దరు మహానటులను శాసనసభకు పంపింది, రెండుసార్లూ మధ్యలోనే మళ్లీ ఓటు వేయవలసి వచ్చింది. అయినా ఆ ఇద్దరినీ ఒకే గాటన కట్టవద్దు. 1983 విజయాన్ని కిరీటాలకూ చైతన్యరథానికీ అంటగట్టి చేతులు దులుపుకునే వ్యాసాలు చాలా చదివాను; అవి నాకు నచ్చవు. కిలో రెండు రూపాయల బియ్యం అన్నది ముసలమ్మ కూడా వేళ్ల మీద లెక్కవేసుకోగలిగిన హామీ. అదే ఎన్టీఆర్, ముఖ్యమంత్రిగా ఉంటూనే, 1989లో కల్వకుర్తిలో ఓడిపోయారు. ఆ నటుణ్ణి అంతగా ఆరాధించిన జనమే తూకం వేసి చూశారు. అందువల్ల అభిమానులను వెర్రివాళ్లుగా చిత్రించిన నీ మూడో పేజీని పూర్తిగా తీసెయ్యి. గజమాల చూడటానికి వచ్చినవాళ్లలోనే ఆ మామిడి రైతూ ఉన్నాడు.

వేషాన్ని చులకన చేయడం మన ఊరివాళ్లకు తగదు కూడా. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి వేషాలను రోజుకొకటిగా చూస్తూ పెరిగినవాళ్లం. దాక్కున్న పాలెగాణ్ణి బయటికి రప్పించడానికి అమ్మవారు వేషాలు మార్చిందని, దొరవేషంలో అతణ్ణి సంహరించిందని చెప్పుకుంటాం. ఆ వేషానికి ఒక పని ఉంది, వేసినవాడికి ఒక మొక్కు ఉంది. ప్రచారరథం మీది వేషాన్ని కూడా అదే ప్రశ్న అడుగు: ఇది ఏ పనికోసం, ఎవరి మొక్కు తీర్చడానికి?

జవాబు కొంత కాగితాల్లో దొరుకుతుంది. పెద్ద రాష్ట్రాల్లో శాసనసభ అభ్యర్థి ఖర్చుకు పరిమితి 40 లక్షల రూపాయలు. గుర్తింపు పొందిన పార్టీ 40 మంది దాకా స్టార్ క్యాంపెయినర్ల, అంటే తన తరఫున ప్రచారం చేసే ప్రముఖుల, జాబితా ఇవ్వవచ్చు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 77వ సెక్షన్ ప్రకారం వాళ్ల ప్రయాణ ఖర్చు అభ్యర్థి ఖాతాలో పడదు. అభ్యర్థి వాళ్లతో వేదిక పంచుకుంటే మాత్రం సభ ఖర్చు ఆయన లెక్కలోకి వస్తుంది. ఫలితాలు వచ్చిన 30 రోజుల్లో దాఖలు చేసే ఆ లెక్కలను ఎవరైనా చూడవచ్చు. మా కాలంలో దానికి చిత్తూరు కలెక్టరేటుకు బస్సెక్కేవాళ్లం. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా అయ్యాక నీకు ఆ ప్రయాణం కూడా లేదు. క్రేను అద్దె, పూల ఖరీదు అందులో ఉన్నాయో లేదో చూడు. ఇంకొక సంగతి: జుట్టునూనె గురించి జనాన్ని తప్పుదోవ పట్టించే ప్రకటనలో నటిస్తే, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద ఆ నటుడికి 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయవచ్చు. ‘ఈయన్ని గెలిపిస్తే మీ కాయకు ధర వస్తుంది’ అన్న మాటకు ఆ చట్టం వర్తించదు. ఆ మాట ఎవరన్నారో, ఎక్కడన్నారో, ఏ తేదీన అన్నారో రాసిపెట్టేవాళ్లు లేకపోతే అది గాలిలో కలిసిపోతుంది. ఆ పని నీది.

కళ్లద్దాలను ఉంచు, ఒక్క వాక్యంలో. అభ్యర్థి ఆ సాయంత్రం నోరు విప్పి ఏమన్నాడో, ఏమీ అనకపోతే ఆ సంగతే రాయి. ఈ సీజను కోతలు మొదలుకాకముందే దామలచెరువు మండీకి వెళ్లు. ఆ రైతు దొరికితే 2025లో ఎన్ని టన్నులు తోలాడో, గేటు ముందు ఎన్ని రాత్రులు పడుకున్నాడో, 4 రూపాయలు ఎప్పుడు చేతికందాయో అడుగు. కొత్త ప్రతి చేత్తో రాసినా పరవాలేదు, పంపించు.

ఆశీస్సులతో,
మీ పెద్దాయన