టెక్ సందేహాలు: కాటా చీటీకి కుబెర్నెటిస్ కావాలా?

ప్రశ్న: చిత్తూరులో ముగ్గురం కలిసి చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ నడుపుతున్నాం. మామిడి గుజ్జు ఫ్యాక్టరీల వేబ్రిడ్జి (లారీ కాటా) తూకాలకు, రైతుల చెల్లింపులకు సాఫ్ట్‌వేర్ రాస్తున్నాం. వచ్చే సీజనుకు 40 ఫ్యాక్టరీలు మా దగ్గరికి వస్తాయి. ఒక్కోచోట రోజుకు 300 లోడ్ల దాకా ఉంటాయి. కుబెర్నెటిస్ (అనేక సర్వర్ల మీద ప్రోగ్రాములను నడిపించే వ్యవస్థ), కాఫ్కా (సందేశాలను పెద్ద ఎత్తున చేరవేసే వ్యవస్థ), మోంగోడీబీ (ఒక డేటాబేస్) లేకుండా ఆ రద్దీని తట్టుకోలేమని మా సలహాదారు అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: ముందు లెక్క వేయండి. 40 ఫ్యాక్టరీలు, 300 లోడ్లు అంటే రోజుకు 12,000 తూకాలు. ఒక్కో తూకానికి డేటాబేస్‌లో పది సార్లు రాయాల్సి వచ్చినా మొత్తం 1,20,000. అవన్నీ 12 గంటల్లోనే జరిగాయనుకున్నా సెకనుకు మూడు కూడా కావు. సాయంత్రం లారీలన్నీ ఒక్కసారిగా వచ్చి రద్దీ ఇరవై రెట్లు పెరిగిందనుకోండి, అప్పుడూ సెకనుకు అరవై దాటవు. ఒక మామూలు సర్వరు మీద పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ అంతకు ఎన్నో రెట్లు మోస్తుంది. మీ సలహాదారు ఈ గుణకారం చేసి చూపించకుండా పనిముట్ల పేర్లు మాత్రమే చెప్పి ఉంటే, ఆ సలహాను పక్కన పెట్టండి.

కాఫ్కా లింక్డ్‌ఇన్‌లో పుట్టింది, 2011లో ఓపెన్ సోర్స్ (ఎవరైనా కోడ్ చూసి వాడుకోగలిగేది) అయింది. కోట్లాది సభ్యుల ప్రతి క్లిక్కునూ అనేక విభాగాలకు చేరవేయాల్సిన అవసరం దాన్ని పుట్టించింది. కుబెర్నెటిస్‌ను గూగుల్ 2014లో బయటపెట్టింది. రెండూ గొప్ప పనిముట్లే. అయితే కుబెర్నెటిస్ కొత్త వెర్షన్లు ఏడాదికి మూడు దాకా వస్తాయి, ఒక్కోదానికి మద్దతు సుమారు 14 నెలలే. అంటే మీకు కొత్త సౌకర్యం ఏదీ అక్కరలేకపోయినా ఏటా వెర్షన్ మార్చుకుంటూ ఉండాలి. ముగ్గురిలో ఒకరి సమయం చాలావరకు దానికే పోతుంది. జూన్, జూలైలలో తోతాపురి లారీలు ఫ్యాక్టరీ గేటు ముందు బారులు తీరి ఉన్నప్పుడు ఆ ఒక్కరూ సెలవులో ఉంటే ఎవరు సరిచేస్తారు? పనిముట్టును ఎంచుకునేటప్పుడు నేను అన్నిటికంటే ముందు అడిగేది ఇదే. వేగం గురించి తరవాత మాట్లాడుకోవచ్చు.

మీ అసలు కష్టం రద్దీ కాదు, ఫ్యాక్టరీ దగ్గర నెట్ పోవడం, కరెంటు పోవడం. నెట్ లేదని తూకం ఆగకూడదు. కాబట్టి వేబ్రిడ్జి కంప్యూటర్‌లోనే ఎస్‌క్యూలైట్ (ఒకే ఫైలులో ఉండే చిన్న డేటాబేస్) పెట్టండి. చీటీ అక్కడే నమోదై, నెట్ వచ్చాక మీ సర్వరులోని పోస్ట్‌గ్రెస్‌కు చేరాలి. ఎస్‌క్యూలైట్‌లో ఒక సమయంలో ఒక్కరే రాయగలరు. ఒక కాటాకు అది లోపం కాదు. కానీ ఆ ఫైలును నెట్‌వర్క్ ఫోల్డరులో పెట్టి నాలుగు కంప్యూటర్ల నుంచి తెరవాలని మాత్రం చూడకండి, డేటా పాడయ్యే ప్రమాదం ఉంది.

వేగం కోసం చాలామంది ఎస్‌క్యూలైట్‌ను వాల్ పద్ధతిలో (మార్పులను ముందు వేరే ఫైలులో రాసే పద్ధతి) పెట్టి, రాసింది డిస్కు మీదకు చేరేదాకా ఎంత ఆగాలో చెప్పే సింక్రనస్ అనే అమరికను నార్మల్‌కు మారుస్తారు. అలా చేసినప్పుడు కరెంటు పోతే ఫైలు చెడిపోదు, కానీ చివరగా నమోదైన కొన్ని చీటీలు మాయం కావచ్చు. చీటీ ప్రింటై రైతు చేతిలో ఉంటుంది, కంప్యూటర్‌లో ఉండదు. అందుకే ఆ అమరికను ఫుల్‌లోనే ఉంచండి. నమోదుకు కొన్ని మిల్లీసెకన్లు ఎక్కువ పడితే మీకు వచ్చే నష్టమేమీ లేదు.

ఇంకొకటి మరీ ముఖ్యం. నెట్ మధ్యలో తెగితే ఒకే చీటీ రెండుసార్లు సర్వరుకు చేరవచ్చు. ప్రతి చీటీకి కాటా దగ్గరే ఎక్కడా పునరావృతం కాని ఒక గుర్తింపు సంఖ్య ఇవ్వండి. పోస్ట్‌గ్రెస్‌లో ఆ గడికి యూనిక్ నిబంధన (ఒకే విలువ రెండుసార్లు రాకూడదన్నది) పెట్టండి. రెండోసారి వచ్చింది దానంతట అదే ఆగిపోతుంది. 2025 సీజనులో తోతాపురికి ఫ్యాక్టరీ ధరకు తోడు రాష్ట్ర ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు ప్రకటించింది. ఇలాంటి సాయమంతా అమ్మిన బరువును బట్టే లెక్క తేలుతుంది. చీటీ ఒకటి పోయినా, రెండుసార్లు పడినా ఆ తప్పు ఒక రైతు కుటుంబం మీద పడుతుంది. మీ ముగ్గురి శ్రమా అక్కడ పెట్టండి.

చెల్లింపుల సందేశాలు, రసీదులు పంపడానికి వరుస కావాలంటే పోస్ట్‌గ్రెస్‌లోనే ఒక పట్టిక చాలు. 2016లో వచ్చిన 9.5 వెర్షన్ నుంచి స్కిప్ లాక్డ్ అనే సౌకర్యం ఉంది. రెండు ప్రోగ్రాములు ఒకే పనిని పట్టుకోకుండా అది చూస్తుంది.

ఒకే సర్వరు పెట్టుకుంటే కోల్పోయేదీ చెప్పాలి. అది ఆగితే యజమానుల నివేదికలు, చెల్లింపులు గంటో రెండు గంటలో ఆగుతాయి. తూకం మాత్రం ఆగదు. ఆ గంట మీకు భరించరానిదైతే రెండో సర్వరుకు డేటా ఎప్పటికప్పుడు నకలయ్యేలా చూసుకోండి. దానికీ కుబెర్నెటిస్ అక్కరలేదు.

ప్రశ్న: తిరుపతిలో మాకు మూడు లాడ్జీలున్నాయి. వైకుంఠ ఏకాదశి రోజుల్లో మా వెబ్‌సైట్ ఒకే గదిని ఇద్దరికి ఇచ్చేసింది. క్లౌడ్ సంస్థ నిర్వహించే డేటాబేస్‌కు మారితే ఇలా జరగదని మా అబ్బాయి అంటున్నాడు. నెల ఖర్చు చాలా పెరుగుతుంది. మారాలా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, ఆ రెండూ వేరు వేరు విషయాలు. డేటాబేస్‌ను ఎవరు నిర్వహించినా, గది ఖాళీగా ఉందా అని చూడటానికీ బుక్ చేయడానికీ మధ్య సందు ఉంటే ఇద్దరు దూరుతారు. దాన్ని మూయాల్సింది సాఫ్ట్‌వేర్ రాసినవారు. పోస్ట్‌గ్రెస్‌లో ఎక్స్‌క్లూజన్ నిబంధన అని ఒకటుంది. ఒకే గదికి తేదీలు కలిసే రెండు బుకింగులను డేటాబేసే ఒప్పుకోదు. మీ అబ్బాయికి ఆ పేరు చెప్పండి. మోంగోడీబీలో ఇది లేదు. అక్కడ ప్రతి గదికి, ప్రతి రాత్రికి ఒక నమోదు పెట్టి యూనిక్ ఇండెక్సుతో సాధించాలి. సాధ్యమే, శ్రమ ఎక్కువ.

అయినా మారవద్దని చెప్పను. మీ ఇంట్లో రోజూ బ్యాకప్ చూసుకునేవారు లేకపోతే ఆ నెల ఖర్చు పెట్టదగినదే. ప్రోగ్రామర్ల కోడ్ దాచిపెట్టే గిట్‌ల్యాబ్ లాంటి సంస్థలోనే 2017 జనవరి 31న ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్‌ను తుడిచేశారు. వెర్షన్ల తేడా వల్ల బ్యాకప్‌లు చాలాకాలంగా విఫలమవుతున్నాయని అప్పుడే బయటపడింది. విఫలమైందని చెప్పాల్సిన ఈమెయిళ్లు కూడా ఎవరికీ అందలేదు. సుమారు 6 గంటల డేటా తిరిగి రాలేదు. కాబట్టి క్లౌడ్‌కు మారినా సరే, నెలకోసారి బ్యాకప్‌ను వేరే కంప్యూటర్‌లో తెరిపించి నిన్నటి బుకింగులు కనిపిస్తున్నాయో లేదో మీరే చూడండి.

ప్రశ్న: రెడిస్ (తరచూ వాడే డేటాను మెమరీలో ఉంచే డేటాబేస్) లైసెన్సు మారిందట కదా, వెంటనే వాల్‌కీకి మారిపోవాలా?
– ఒక విద్యార్థి, తిరుపతి

జవాబు: రెడిస్ 2024 మార్చిలో పాత ఓపెన్ సోర్స్ లైసెన్సును వదిలింది. ఆ నెలలోనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులను పోషించే లైనక్స్ ఫౌండేషన్ నీడలో, రెడిస్ పాత కోడ్ నుంచే వాల్‌కీ మొదలైంది. 2025 మేలో వచ్చిన రెడిస్ 8 నుంచి ఏజీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద కూడా తీసుకోవచ్చు. మీ కాలేజీ ప్రాజెక్టులో క్యాష్‌గా (తాత్కాలిక నిల్వగా) వాడుకుంటుంటే తొందరేమీ లేదు. రెడిస్‌నే సేవగా ఇతరులకు అమ్మాలనుకునేవారు, మార్పులు చేసి వాడేవారు లైసెన్సును పూర్తిగా చదవాలి. కొత్తగా మొదలుపెట్టేవారికైతే నేను వాల్‌కీనే చెబుతాను. మామూలు ఆదేశాలు అవే. ఒకే సంస్థ నిర్ణయంతో లైసెన్సు మారిపోయే భయమూ తక్కువ.