పైకి విసిరిన వస్తువు పై చివర ఆగిన క్షణంలో త్వరణం కూడా సున్నా అవుతుందా?

అవదు. త్వరణమంటే వేగం కాదు, వేగం ఎంత త్వరగా మారుతోందన్న లెక్క. మా ఇంట్లో ఈ గొడవ పోయిన నెలలోనే తేలింది, అదీ ఓనరమ్మగారి గులాబీ కుండీ అంచు పెచ్చు ఊడాక.

మేముండేది బెంగళూరు మారతహళ్ళిలో, రెండో అంతస్తు. ఆ ఆదివారం లిఫ్ట్ పనిచేయలేదు. అది పనిచేసే ఆదివారాలు తక్కువే, మెయింటెనెన్స్ మాత్రం ఒకటో తారీఖుకల్లా కట్టేయాలి. నేను కింద స్కూటర్ తీస్తుంటే బాల్కనీలోంచి మా ఆవిడ, "బీరువా బీగాలు మీ జేబులోనే ఉండిపోయాయి, పైకి విసరండి" అంది. మా అనంతపురం వైపు తాళంచెవుల్ని బీగాలనే అంటాం. మళ్లీ మెట్లెక్కే ఓపిక లేక విసిరాను. మొదటిసారి సగం దాకానే పోయాయి. రెండోసారి సరిగ్గా ఆమె చేతి ముందుకెళ్లి నిలబడ్డట్టే కనిపించాయి. ఆమె గుప్పిట మూసేలోపు వెనక్కొచ్చి కుండీ మీద పడ్డాయి.

పక్కనే ఉన్న మావాడు తొమ్మిదో తరగతి. "నాన్నా, అక్కడ వేగం సున్నా కదా, త్వరణం కూడా సున్నా అని రాస్తే మార్కులు ఎందుకు కొట్టేశారు?" అని పైనుంచే అరిచాడు.

"సున్నా అయితే బీగాలు ఇంకా అక్కడే వేలాడుతుండాలి కదరా!"

నా చేతి నుంచి బాల్కనీకి సుమారు 5 మీటర్లు. అంత ఎత్తు అందాలంటే సెకనుకు దాదాపు 10 మీటర్ల వేగంతో విసరాలి. అంటే గంటకు 36 కిలోమీటర్లు, సాయంత్రం ఔటర్ రింగ్ రోడ్డు మీద నా స్కూటర్ ఎరగని వేగం. అందులోంచి భూమి ప్రతి సెకనుకూ 9.8 చొప్పున కోసుకుంటూ పోతుంది. దాదాపు సెకను తిరిగేసరికి సున్నా. ఆ కోతే త్వరణం, అది మాత్రం ఆగదు, అదే లెక్కన కిందివైపు వేగం పెరుగుతుంది. అకౌంట్‌లో సున్నా ఉందని ఈఎంఐ ఆగుతుందా?

అసలు తప్పు పేర్లది. త్వరణంలో 'త్వర' ఉంది కాబట్టి తొందర ఉన్నచోటే అది ఉంటుందనిపిస్తుంది. బండిలో యాక్సిలరేటర్ అని ఒకదానికే పేరు పెట్టారు గానీ, నన్నడిగితే బ్రేకూ హ్యాండిలూ కూడా యాక్సిలరేటర్లే. వడి తగ్గకుండా మలుపు తిరిగినా దిశ మారింది గనక వేగం మారినట్టే. మేం తెలుగు మీడియంలో వడి వేరు, వేగం వేరు అని చదువుకున్నాం: ఎంత జోరో చెప్పేది వడి, ఏ దిశలోనో కూడా చెప్పేది వేగం. ఇప్పుడు వడి అనే మాట ఎవరి నోటా వినం, అంతా స్పీడే.

ఇక ట్యూషన్ల సంగతి చెప్పక్కర్లేదు. 'వీ ఈక్వల్స్ యూ ప్లస్ ఏటీ' అని త్వరణం సూత్రం బట్టీ పట్టించి వదిలేస్తారు. దానికన్నా పిల్లల్ని కుందలహళ్ళిలో మెట్రో ఎక్కించి, ఏమీ పట్టుకోకుండా నిలబడమంటే చాలు. మధ్యలో రైలు ఎంత జోరుగా పోతున్నా ఒంటికి తెలియదు. స్టేషన్ దగ్గర బ్రేకు పడగానే పక్కవాళ్ల మీద పడతారు. ఆ తూలడమే త్వరణానికి గుర్తు. నెల ఫీజు కట్టినా మావాడికి ఈ ముక్క చెప్పినవాళ్లు లేరు.

చివరికి బీగాలు నేనే మెట్లెక్కి ఇచ్చొచ్చాను. మావాడు వదల్లేదు, "మరి కుండీలో పడి ఉన్నప్పుడో?" అన్నాడు. అక్కడ రెండూ సున్నానే, కింద మట్టి మోస్తోంది కాబట్టి. ఇదంతా ఓనరమ్మగారికీ వివరించబోయాను. ఆవిడ కుండీ ఖరీదు 150 అంది.