జార్జియాలో సెలవులు: కొండల్లో ఒక్క రాత్రయినా ఉండండి

వైద్యవిద్య కోసం జార్జియా రాజధాని టిబిలిసీ వచ్చిన తమ్ముళ్లు, చెల్లెళ్లు మొదటి సెలవులు రాగానే అడిగే మాట ఒకటే: "అన్నా, నాలుగు రోజులున్నాయి, తక్కువ ఖర్చులో ఏమేమి చూడవచ్చు?" నా సలహా కూడా ఒకటే. ఏదో ఒక లోయను ఎంచుకుని అక్కడే ఉండండి.

ఈ దేశం వైశాల్యం సుమారు 69,700 చదరపు కిలోమీటర్లు. తెలంగాణలో మూడింట రెండు వంతులైనా లేదు కదా అని, మ్యాపు చూసి అంతా ఒకేసారి చుట్టేయాలని బయలుదేరుతారు. కొండదారిలో ఆ లెక్కలు పనికిరావు. వాయవ్యాన ఉన్న కొండప్రాంతం స్వానేతిలో మెస్తియా ఊరి నుంచి ఉష్గులి ఊరికి 45 కిలోమీటర్లే ఉన్నా దాదాపు రెండు గంటలు పడుతుంది.

మొదటిసారి వెళ్లేవారికి కజ్‌బేగి మంచిది. ఊరి అసలు పేరు స్టెపాంట్స్‌మిండా, టిబిలిసీకి ఉత్తరాన సుమారు 150 కిలోమీటర్లు. ఉదయం తీసుకెళ్లి రాత్రికి తీసుకొచ్చే టూరు వ్యానులు చౌకే కానీ, మీరు చేరేసరికి మధ్యాహ్నమవుతుంది. అప్పటికి కజ్‌బెక్ శిఖరాన్ని తరచుగా మబ్బు కమ్మేస్తుంది. అయిదు వేల మీటర్లకు పైగా ఎత్తున్న మంచుకొండ కోసం అంతదూరం వెళ్లి, మబ్బును ఫోటో తీసుకుని తిరిగి రావడం నాకు చాలా బాధగా అనిపిస్తుంది. దిదుబే మెట్రో స్టేషన్ పక్కనే మార్ష్‌రుత్కాలు, అంటే షేరు వ్యానులు దొరుకుతాయి. వాటిలో వెళ్లి, ఎవరి ఇంట్లోనైనా గది తీసుకుని ఆ రాత్రి ఉండండి. తెల్లవారుజామున కొండ స్పష్టంగా కనిపించే అవకాశం ఎక్కువ. ఊరి నుంచి 2,170 మీటర్ల ఎత్తునున్న గెర్గెతి చర్చికి నడిచే వెళ్లండి, గంటన్నర పడుతుంది. కారు దారి ఉంది కానీ, నడిచేటప్పుడు మలుపు మలుపుకీ లోయ విప్పారే తీరు కారులో తెలియదు.

స్వానేతికి మాత్రం నాలుగు రోజులకు తగ్గకుండా ఉంచుకోండి. జుగ్దిది వరకు రైలు, అక్కడి నుంచి మార్ష్‌రుత్కా. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అనువైన కాలం. ఇంటింటికీ ఆనుకుని నిలిచిన రాతి బురుజులు మధ్యయుగాల నాటివి. దాడులప్పుడు, కుటుంబాల మధ్య పగలు రగిలినప్పుడు అందరూ వాటిలో తలదాచుకునేవారట. ఉష్గులిలో నిలబడితే ఎదురుగా 5,193 మీటర్ల ష్ఖారా కనిపిస్తుంది, దేశంలో అదే ఎత్తైన శిఖరం.

ఒక పూటే తీరిక ఉంటే పాత రాజధాని మ్‌ట్స్‌ఖేతా వెళ్లండి. టిబిలిసీకి 20 కిలోమీటర్లే. జ్వారి మఠం నుంచి చూస్తే కింద రెండు నదులు రెండు రంగుల్లో వచ్చి కలవడం కనిపిస్తుంది. బాతుమీ సముద్రతీరం బాగానే ఉంటుంది, కానీ తీరం చూసి పెరిగిన మనవాళ్లకు దానికి తొందరేమీ లేదు.

తిండి గురించి శాకాహారులు బెంగపడుతుంటారు. ఇక్కడివారు ఉపవాస రోజుల్లో మాంసం, గుడ్డు, పాలు లేని భోజనం చేస్తారు, దాన్ని 'సమర్ఖ్వో' అంటారు. హోటల్లో ఆ ఒక్క మాట చెప్పండి చాలు. లోబియో తప్పక తినండి. ఎర్ర చిక్కుడు గింజలను కొత్తిమీర వేసి మెత్తగా ఉడికించి, చిన్న మట్టికుండలో పొగలు కక్కుతుండగానే తెచ్చిపెడతారు. పక్కన మొక్కజొన్న రొట్టె, ఊరవేసిన కూరగాయలు ఉంటాయి. రొట్టె విరిచి కుండలో ముంచుకుని తినడమే. కారం చాలకపోతే అజికా అడగండి, మన వెల్లుల్లి కారానికి దగ్గరి బంధువు. వాల్‌నట్ ముద్ద పెట్టి చుట్టిన వంకాయ ముక్కలూ దొరుకుతాయి, వాటిలో మెంతి జాతి ఆకు వాసన తగులుతుంది. ఖింకాలి, అంటే లోపల కూరిన ముద్ద పెట్టి ఉడికించే పిండి పొట్లాలు, సాధారణంగా మాంసంతోనే చేస్తారు, పుట్టగొడుగులవి కావాలని విడిగా చెప్పాలి.

చర్చిలోకి వెళ్లేటప్పుడు ఆడపిల్లలు తలమీద చున్నీ కప్పుకోవాలి, మగపిల్లలు నిక్కర్లతో వెళ్లకూడదు. వాళ్లకది గుడి, మన గుడిలో ఎలా ఉంటామో అక్కడా అలాగే ఉండండి.

చలికాలంలో కజ్‌బేగి వెళ్లే దారిలోని జ్వారి కనుమను మంచు చరియల భయంతో ఒక్కోసారి మూసేస్తారు. ఆదివారం తిరిగొచ్చి సోమవారం పరీక్ష రాద్దామని ఎప్పుడూ అనుకోకండి. ఒక రోజు అదనంగా చేతిలో ఉంచుకోండి. బయలుదేరే ముందు గది ఇచ్చినవాళ్లకు ఫోను చేసి దారి తెరిచి ఉందో లేదో అడగండి.