సాయంత్రం నాలుగింటి మబ్బు బొమ్మను నమ్మవచ్చా?

ప్రశ్న: మాది మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా, సిరోంచ తాలూకాలో ప్రాణహిత ఒడ్డు ఊరు. పత్తి, మిర్చి వేస్తాను. మా అబ్బాయి ఇంట్లో పెట్టుకునే వాతావరణ కేంద్రం తెప్పించాడు. ఇంట్లో తెర, బయట సెన్సార్, వాన కొలిచే డబ్బా ఉన్నాయి. సెన్సార్‌ను రేకుల షెడ్డు కింద పడమటి గోడకు తగిలించాం. వేసవిలో 51 డిగ్రీలు చూపింది. రోజూ సాయంత్రం మబ్బు బొమ్మ వేస్తుంది, చినుకు మాత్రం పడదు. వాన లెక్క పత్రికతో కలవదు. ఒక్కోసారి తెర మీద గీతలే మిగులుతాయి. పరికరం పాడైందా?

– ఒక రైతు, సిరోంచ

జవాబు: మీరు చెప్పిన లక్షణాలను బట్టి పరికరం బాగానే ఉంది. పెట్టిన చోటే బాగాలేదు. పడమటి గోడ, పైన కాలిన రేకు ఉంటే సెన్సార్ కొలిచేది గాలిని కాదు, షెడ్డునే. దాన్ని తీసి గోడలకు, సిమెంటు గచ్చుకు దూరంగా, గడ్డి నేల మీద సుమారు ఒకటిన్నర మీటర్ల ఎత్తున కట్టండి. నేరుగా ఎండ తగలకూడదు, గాలి మాత్రం నాలుగు వైపుల నుంచీ ఆడాలి. తెల్లని ప్లాస్టిక్ పళ్లేలను బోర్లించి, మధ్యలో సందులు వదిలి ఒకదాని కింద ఒకటి బిగిస్తే చవకైన గూడు తయారవుతుంది.

గీతలు కనిపిస్తున్నాయంటే సెన్సార్ పంపే రేడియో సంకేతం తెరకు అందడం లేదు. పెట్టె మీద వంద మీటర్లని రాసి ఉన్నా అది అడ్డు లేని మైదానంలో లెక్క. రేకు, ఇనుప తలుపు, మందపాటి గోడ దాన్ని బాగా తగ్గిస్తాయి. తెరను చేను వైపు కిటికీ దగ్గర పెట్టండి. కొత్త బ్యాటరీలు ముందు సెన్సార్‌లో, ఆ తర్వాత తెరలో వేసి, రెండింటినీ కాసేపు ఒకే గదిలో ఉంచి కలవనివ్వండి.

మబ్బు బొమ్మ సంగతి తెలిస్తే మీకు నవ్వొస్తుంది. తెరకు ఆకాశం కనబడదు. గాలి పీడనం తగ్గితే వాన అనే చలి దేశాల లెక్కతో అది బొమ్మ మారుస్తుంది. మన దగ్గర పీడనం రోజూ ఉదయం పది ప్రాంతంలో ఎక్కువగా, సాయంత్రం నాలుగు ప్రాంతంలో తక్కువగా ఉంటుంది. మూడు నాలుగు మిల్లీబార్ల ఈ మామూలు తగ్గుదలనే అది వాన రాక అనుకుంటుంది. నా మాటగా బొమ్మను వదిలేయండి. నిన్నటి నాలుగింటి పీడనం అంకెతో ఈరోజు నాలుగింటి అంకెను పోల్చండి. వానకాలంలో అలా వరుసగా రెండు మూడు రోజులు పడిపోతుంటే, బంగాళాఖాతం అల్పపీడనం ఇటు వస్తోందేమో వాతావరణ శాఖ సూచనలో చూసుకోండి. మేఘదూత్ యాప్‌లో గడ్చిరోలితో పాటు నది అవతలి తెలంగాణ జిల్లా సూచనలు కూడా చూడవచ్చు. వ్యవసాయ సలహాలు మంగళ, శుక్రవారాల్లో వస్తాయి.

వాన లెక్క తేడాకు ఒక కారణం గడియారం. వాతావరణ శాఖ ఉదయం 8.30 నుంచి మర్నాడు 8.30 వరకు లెక్కిస్తుంది, మీ తెర చాలావరకు అర్ధరాత్రికి సున్నా చేస్తుంది. రెండు ఊళ్ల మధ్యే వాన మారుతుంది కాబట్టి మిగతా తేడాకు కంగారు పడనక్కరలేదు. డబ్బాను మాత్రం ఒకసారి పరీక్షించండి. గరాటు మూతి 11 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే 95 మిల్లీలీటర్ల నీళ్లు 10 మిల్లీమీటర్ల వానకు సమానం. మూతకు సన్న చిల్లు పెట్టిన సీసాతో నెమ్మదిగా పోయండి. లోపలి చిన్న దొప్ప నిండినప్పుడల్లా ఒరిగి వానను లెక్కిస్తుంది, గబగబా పోస్తే అది తూగలేక తక్కువ చూపుతుంది. నిదానంగా పోసినా 10కి బదులు 7 మిల్లీమీటర్లే చూపితే దొప్ప పక్కన సాలెగూడో, గరాటు గొంతులో చింతాకో ఉంటుంది. డబ్బా సమంగా నిలవాలి. చెట్టు ఎంత ఎత్తుంటే దానికి రెట్టింపు దూరంలో ఉండాలి.

ఇక ఈ ఖర్చుకు అసలు ఫలితం మిర్చిలోనే ఉంది. సెన్సార్‌ను ఇంటి దగ్గర కాక చేలో పెడితే, తేమ 90 శాతం దాటిన గంటలను ఆకు తడిగా ఉన్న గంటలుగా లెక్కించవచ్చు. అలాంటి రాత్రులు వరుసగా వస్తే కాయకుళ్లు కోసం చేను తిరిగి చూడండి, మచ్చ కనిపించాకే మందు సంగతి. కల్లంలో ఆరబోసినప్పుడు పొద్దుగూకాక తేమ అంకె ఎగబాకుతుంటే మంచు పడకముందే పట్టాలు కప్పండి.

సెన్సార్‌కు ఇనుప గొట్టం కాక వెదురు వాడండి. ఉరుము వినిపించాక అంకెలు చూడటానికి చేలోకి వెళ్లవద్దు. పిడుగుల హెచ్చరికకు దామిని యాప్ ఉంది.