ఎర్ర గుర్రం షాపులో కొనాలా, దాని ఊరికి వెళ్లి చూడాలా?

ప్రశ్న: మా అబ్బాయి స్టాక్‌హోమ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. జూన్‌లో నేను, మావారు వెళ్తున్నాం. వాడు కిందటేడు తెచ్చిన ఎర్ర చెక్క గుర్రం, స్వీడన్ వాళ్లు డాలా గుర్రం అంటారట, మా షోకేసులో కొండపల్లి బొమ్మల పక్కనే ఉంది. అవి చేసే పల్లెటూరు ఒకటుందట, చూడాలని నాకు ఆశ. ఎయిర్‌పోర్టులో దొరికే గుర్రం కోసం అంత దూరం రైలెక్కడం దేనికని మావారు అంటున్నారు. వెళ్తే చూడ్డానికి ఏముంటుంది?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: వెళ్లండమ్మా, మీవారిని కూడా తీసుకెళ్లండి. షాపులో కనిపించేది తయారైపోయిన గుర్రం. అక్కడైతే చెక్కముక్క గుర్రంగా మారడం కళ్లారా చూస్తారు.

ఆ ఊరు నూస్నేస్. డాలార్నా ప్రాంతంలో సిల్యన్ సరస్సు ఒడ్డున, మోరా పట్నానికి దాదాపు 10 కిలోమీటర్లు. స్టాక్‌హోమ్ నుంచి మోరాకి రైల్లో సుమారు 4 గంటలు. ఊళ్లో రెండు పాత కార్ఖానాలు దగ్గర దగ్గరగానే ఉన్నాయి, గ్రన్నాస్ ఎ. ఊల్సన్ వాళ్లది 1922లో మొదలైంది, నిల్స్ ఊల్సన్ వాళ్లది 1928లో. ఈ బొమ్మలు మాత్రం అంతకంటే చాలా పాతవి, చలికాలపు పొడుగాటి రాత్రుళ్లు పొయ్యి దగ్గర కూర్చుని పిల్లల కోసం చెక్కేవాళ్లు. 1939లో న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్‌లో స్వీడన్ మంటపం దగ్గర పెద్ద గుర్రాన్ని నిలబెట్టాక బయటి ప్రపంచానికి తెలిశాయి.

కర్ర అక్కడి పైన్, చలికి మెల్లగా పెరిగిన చెట్టుది. రంపంతో గుర్రం ఆకారం కోసి ఇస్తే చుట్టుపక్కల వాళ్లు ఇళ్లకు పట్టుకెళ్లి కత్తితో చెక్కుతారు, అందుకే ఏ రెండు గుర్రాలూ అచ్చం ఒకలా ఉండవు. తర్వాత రంగులో ముంచడం, గుంటలకు లప్పం పెట్టడం, నున్నగా రుద్దడం, మళ్లీ ఎర్రరంగు. ఇదంతా చకచకా చూసేయండి, కానీ పూలు దిద్దే వాళ్ల దగ్గర మాత్రం కాసేపు కదలకుండా నిలబడండి. ఒకే కుంచెకి రెండు రంగులు అద్దుకుని ఒక్క ఊపులో లాగుతారు, రేకకి ఒక పక్క ముదురు, ఇంకో పక్క లేత, రెండూ ఒకేసారి వచ్చేస్తాయి. జీనూ కళ్లేలూ అలా గీసినవే. ఈ పూలతీగల పనిని కుర్బిట్స్ అంటారు, బైబిల్లో యోనా ప్రవక్తకు నీడనిచ్చిన సొరచెట్టు నుంచి వచ్చిన పేరు అది.

మీ ఇంట్లో కొండపల్లి బొమ్మలున్నాయన్నారు కాబట్టి ఇంకోటి చెప్తాను. ప్రయాణానికి ముందు ఓ రోజు చన్నపట్నం వెళ్లి రండి, మైసూరు రోడ్డులో 60 కిలోమీటర్లే కదా. అక్కడ కత్తీ కుంచే కాదు, తరిణి (లేత్ మిషన్) మీద గిర్రున తిరిగే కర్రకి లక్కబిళ్ల ఆనిస్తే ఆ రాపిడి వేడికే కరిగి రంగు పట్టేస్తుంది. మన ఏటికొప్పాకలోనూ అదే పద్ధతి, కర్ర కూడా అదే అంకుడు. కొండపల్లిలోనేమో తెల్లపొణికిని చెక్కి కుంచెతో రంగులు వేస్తారు. అంటే స్వీడన్ గుర్రానికి దగ్గరి చుట్టం కొండపల్లే, మీరు రెంటినీ పక్కపక్కన పెట్టడం నాకు భలే నచ్చింది.

రోజు విషయంలో మాత్రం జాగ్రత్త. జూన్ 19కీ 25కీ మధ్య వచ్చే శుక్రవారం అక్కడ మిడ్‌సమ్మర్ పండగ, మనకి సంక్రాంతి ఎంతో వాళ్లకి అదంత, పనులన్నీ ఆగిపోతాయి. డాలార్నాలో పండగ చూడ్డానికి బాగుంటుంది గానీ చెక్కేవాళ్లూ దిద్దేవాళ్లూ పనిలో కనిపించాలంటే అది కాని వారంలో, శని ఆదివారాలు వదిలేసి, పొద్దున్నే చేరేలా చూసుకోండి. కార్ఖానా వేళలు మీ అబ్బాయిని ఒకసారి ఫోన్ చేసి కనుక్కోమనండి.