పీహెచ్‌పీ పని మాన్పించి ఏఐ కోర్సులో చేర్చాలా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సీఎస్ఈ మూడో సంవత్సరం. ఒక చిన్న సంస్థలో ఇంటర్న్‌షిప్ చేస్తున్నాడు. అక్కడ పీహెచ్‌పీ అనే, వెబ్‌సైట్లు తయారుచేసే ప్రోగ్రామింగ్ భాషలో టెక్స్ట్‌ను కంప్రెస్ చేసి (అంటే కుదించి) దాచే పని ఇచ్చారట. పక్కింటి అబ్బాయి, మా ఆడపడుచు కొడుకు ఏఐ కోర్సులో చేరారు. అప్పు చేసైనా లక్షన్నర కట్టి మావాడినీ చేర్చాలనుకుంటున్నాం. రెండింటిలో ఏది మేలు?
– ఒక తల్లి, ఏలూరు

జవాబు: అమ్మా, కొంచెం కటువుగానే చెబుతాను. మీ ఉత్తరంలో పక్కింటివారున్నారు, ఆడపడుచు ఉన్నారు. మీ అబ్బాయికి ఏది ఇష్టమో మాత్రం ఎక్కడా లేదు. అప్పు గురించి ఆలోచించేముందు అతన్ని కూర్చోబెట్టి అడగాల్సింది.

అతని పని చిన్నదేమీ కాదు. పీహెచ్‌పీలో టెక్స్ట్‌ను కుదించే జీజెడ్‌కంప్రెస్ అనే ఫంక్షన్‌ను పిలవడానికి ఒక్క వరుస చాలు, నిజమే. ఆ వరుసను ఇప్పుడు ఏఐ కూడా రాసిపెడుతుంది. కానీ దాని అడుగున 1977లో లెంపెల్, జివ్ ప్రతిపాదించిన పద్ధతి ఉంది. ఒకసారి వచ్చిన ముక్క మళ్లీ వస్తే తిరిగి రాయకుండా, ఎంత వెనక ఉందో, ఎంత పొడవో మాత్రమే గుర్తుపెట్టుకుంటుంది. దానికి, తరచుగా వచ్చేవాటికి పొట్టి సంకేతాలిచ్చే 1952 నాటి హఫ్‌మన్ కోడింగ్ తోడైంది.

మీవాడిని కొన్ని ప్రశ్నలు అడగండి. ఇంగ్లీషులో ఐదక్షరాల 'హలో'ను జీజెడ్‌కంప్రెస్‌కు ఇస్తే 5 బైట్లు 13 అవుతాయి, ఎందుకు పెరిగింది? ముందుండే హెడర్‌కు 2, డేటా పాడవలేదని సరిచూసే సంఖ్యకు 4, కుదింపు పద్ధతి సొంత గుర్తులకు 2 బైట్లు అదనంగా చేరతాయని, పైగా అంత చిన్న మాటలో కుదించడానికేమీ లేదని చెప్పగలిగితే అతనికి విషయం పట్టుబడినట్టే. పెద్ద తెలుగు వ్యాసం బాగా తగ్గడానికి కారణమేమిటి? అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో మన ప్రతి గుర్తుకూ 3 బైట్లు. మొదటిది ఎప్పుడూ ఒకటే, రెండోదానికి రెండే రూపాలు కాబట్టి అవే బైట్లు మళ్లీ మళ్లీ వస్తాయి. కుదించిన దాన్ని మామూలు టెక్స్ట్ కాలమ్‌లో పెడితే పాడవుతుందని, దాన్ని మామూలు అక్షరాలుగా మార్చే బేస్64 వాడితే మూడో వంతు పెరుగుతుందని, డేటాబేస్‌లో అందులోని మాటలను నేరుగా వెతకలేమని తెలిసినవాడు ఎప్పుడు కంప్రెస్ చేయకూడదో కూడా చెప్పగలడు. ఇంటర్వ్యూలో నిలబెట్టేది ఆ వివేచనే.

ఇక కొన్ని నెలల ఏఐ కోర్సులంటే నాకు గట్టి అనుమానాలున్నాయి. ఆ రంగం మంచిదే. అయితే గణితం లేకుండా, ఇతరులు రాసి సిద్ధంగా ఉంచిన కోడ్‌ను (లైబ్రరీని) నాలుగు వరుసల్లో పిలిచి ప్రాజెక్టు అయిందనిపించడం నేర్పే చోట్లు చాలా ఉన్నాయి. అక్కడినుంచి వచ్చిన పిల్లలను తయారుచేసిన ఏఐ మోడల్ ఎందుకు తప్పు చెప్పిందని అడిగితే నీళ్లు నములుతున్నారు. అప్పు మాత్రం ఇంట్లోనే ఉంటుంది.

పీహెచ్‌పీకి కాలం చెల్లిందని భయపడకండి. వికీపీడియాను నడిపే మీడియావికీ, వర్డ్‌ప్రెస్ రెండూ దానిలో రాసినవే. అయితే అదొక్కటే చాలదు. డేటాబేస్‌ను ప్రశ్నించే ఎస్‌క్యూఎల్ భాష గట్టిగా రావాలి, పైథాన్ గానీ జావా గానీ తోడుండాలి. ఏఐ మీద ఆసక్తి ఉంటే ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ వేదికలో ఐఐటీ అధ్యాపకుల పాఠాలు ఉచితంగా వినవచ్చు.

ఇంటర్న్‌షిప్ పూర్తి చేయనివ్వండి. కోర్సువాళ్లు ఫీజు గడువంటూ ఫోన్ చేస్తే సిలబస్ పంపమనండి. లీనియర్ ఆల్జీబ్రాకు, సంభావ్యతకు ఎన్ని గంటలు కేటాయించారో మీ అబ్బాయినే చూసి చెప్పమనండి.