పాత హార్డ్ డిస్క్ ఇవ్వట్లేదు, డబ్బు కడితేనే ల్యాప్‌టాప్ అంటున్నారు: ఏం చేయాలి?

ప్రశ్న: నమస్తే మేడం. మాది హాలియా. పెళ్లిళ్లకు ఫొటోలు, వీడియోలు తీస్తా, ఇదే నా బతుకుదెరువు. పోయిన నెల ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్ టక్ టక్‌మని శబ్దం చేస్తూ ఆగిపోయింది. అందులో ఒక పెళ్లి ఫొటోలన్నీ ఉన్నయి, వేరే కాపీ లేదు. నల్లగొండలో ఒక రిపేర్ షాపులో ఇచ్చి ‘నాకు డేటా ముఖ్యం, మిషన్ తర్వాత’ అని చెప్పిన, వాట్సాప్‌లో కూడా పెట్టిన. తర్వాత ఫోన్ చేసి ‘ఫార్మాట్ కొట్టి చూసినం, పట్టుకోలేదు, కొత్త ఎస్‌ఎస్‌డి (హార్డ్ డిస్క్ బదులు వేసేది) వేసి విండోస్ ఎక్కించినం, 6,500 కట్టి తీసుకపో’ అన్నరు. కొత్తది వేయమని నేను చెప్పలేదు. పాత డిస్క్ అడిగితే ‘అది డెడ్, స్క్రాప్‌లో ఉంటది, వెతకాలె’ అంటున్నరు. బిల్లు ఇవ్వరు. వాళ్ల చీటీ మీద ‘డేటా పోతే మా బాధ్యత కాదు’ అని అచ్చేసి ఉంది. ఆ డిస్క్‌లో మా ఇంటి ఆడవాళ్ల ఫొటోలు కూడా ఉన్నయి, అదొక టెన్షన్. ఇటు పెళ్లివాళ్లు కేసు పెడతమంటున్నరు. నాకు దారేంది?

జవాబు: డబ్బు సంగతి, కేసు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ పాత డిస్క్ మీ చేతికి రావాలి. ఇది చదవడం అయిపోగానే షాపు నంబర్‌కు వాట్సాప్ పెట్టండి: ‘పాత హార్డ్ డిస్క్ నాది. దాన్ని పారేయడానికి, అమ్మడానికి, ఎక్స్‌ఛేంజ్ కింద ఇవ్వడానికి నేను ఒప్పుకోలేదు. ఇక దానికి కరెంటు ఇవ్వకుండా, విప్పకుండా, ఉన్నది ఉన్నట్టు నాకు తిరిగి ఇవ్వండి.’ ఇంతే, తిట్లు, బెదిరింపులు వద్దు. ఫోన్‌లో గంటసేపు కొట్లాడినా ఇంత బలం రాదు, ఎందుకంటే రేపు ‘కస్టమరే వద్దన్నాడు’ అనడానికి వాళ్లకు దారి ఉండదు.

డిస్క్ గురించి ఇంతగా ఎందుకు పట్టుబడుతున్నానంటే, మీ ఫొటోలు ఇంకా మిగిలి ఉంటే అవి ఉన్నది దాంట్లోనే, షాపువాళ్ల తప్పు రుజువు చేయాలన్నా సాక్ష్యం అదే. అది స్క్రాప్‌వాడి బండెక్కితే మీకు ఫొటోలూ రావు, కేసులో నిలబడే ఆధారమూ ఉండదు.

‘ఫార్మాట్ కొట్టినం’ అనగానే అంతా పోయిందని అనుకోకండి. విండోస్‌లో క్విక్ ఫార్మాట్ కొడితే ఫైళ్ల జాబితా మాత్రమే కొత్తది పడుతుంది, ఫైళ్లు చాలావరకు వాటి చోటనే ఉంటాయి. క్విక్ టిక్ తీసేసి ఫుల్ ఫార్మాట్ పెడితే మాత్రం, విండోస్ విస్టా నుంచి, డిస్క్ పొడుగునా సున్నాలు రాసుకుంటూ పోతుంది. సున్నాలు పడ్డ చోట ఇక ఏ ల్యాబూ ఏమీ చేయలేదు. మీ విషయంలో వాళ్లే ‘పట్టుకోలేదు’ అంటున్నారు కాబట్టి ఫార్మాట్ మొదలై మధ్యలోనే ఆగిపోయి ఉండొచ్చు, అదే జరిగితే మీ అదృష్టం. పైగా కొత్త విండోస్ వేరే ఎస్‌ఎస్‌డి మీద ఎక్కించారు, పాత డిస్క్ మీద కాదు.

టక్ టక్ శబ్దం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే కేసు మొత్తం దాని చుట్టే తిరుగుతుంది. హార్డ్ డిస్క్‌లో తిరిగే పళ్లేలకు తగలకుండా, నానోమీటర్లలో కొలిచేంత దగ్గరగా తేలుతూ హెడ్ చదువుతుంది. ఆ శబ్దం వస్తోందంటే చాలాసార్లు హెడ్ సరిగా చదవలేక, వెనక్కి వచ్చి మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తోందని. అలాంటి డిస్క్‌కు కరెంటు ఇచ్చిన ప్రతిసారీ పళ్లెం మీద గీత పడే ప్రమాదం ఉంది. తెలిసిన టెక్నీషియన్ అయితే డిస్క్ ఇంకా చదువుతుంటే ముందు దాన్ని సెక్టార్‌కు సెక్టార్ (ముక్క ముక్కగా, ఉన్నది ఉన్నట్టు) ఇంకో డిస్క్ మీదికి క్లోన్ చేసుకుంటాడు, రికవరీ సాఫ్ట్‌వేర్ ఆ కాపీ మీద నడుపుతాడు, అసలు దాన్ని ముట్టుకోడు. హెడ్డే పోతే దుమ్ము లేని క్లీన్ రూమ్‌లో విప్పి హెడ్ మార్చాలి, అది మన దగ్గర బజారు షాపుల్లో అయ్యే పని కాదు. ‘మావల్ల కాదు, హైదరాబాద్ తీసుకెళ్లండి’ అని చెప్పి పంపిస్తే ఆ షాపును ఎవరూ తప్పుపట్టరు. డేటా కావాలన్న మనిషి డిస్క్‌ను, అదీ కొట్టుకుంటున్న డిస్క్‌ను, ఫార్మాట్ కొట్టడం మాత్రం చట్టం భాషలో సేవా లోపం.

ఇక చట్టం. ల్యాప్‌టాప్ రిపేర్‌కు ఇవ్వడం టైలర్‌కు బట్ట ఇచ్చినట్టే, వస్తువు మీదే, పని కోసం కొన్నాళ్లు వాళ్ల దగ్గర ఉంది. కాంట్రాక్ట్ చట్టం, 1872 సెక్షన్ 151 ప్రకారం, తన సొంత వస్తువు విషయంలో మామూలు వివేకం ఉన్న మనిషి ఎంత జాగ్రత్త పడతాడో అంత జాగ్రత్త తీసుకోవాలి. పని అయ్యాక తిరిగి ఇవ్వాలి, అందులోంచి తీసిన పాత భాగంతో సహా. ‘డెడ్ పార్ట్ షాపుకే’ అని మీతో ముందే ఒప్పందం చేసుకుంటే తప్ప దాన్ని ఉంచుకునే హక్కు వాళ్లకు లేదు.

మరి డబ్బు కట్టేదాకా ల్యాప్‌టాప్ ఆపొచ్చా? చాలామంది లాయర్లు కూడా నోటికొచ్చినట్టు ‘ఆపకూడదు’ అంటారు గానీ, సెక్షన్ 170 కింద శ్రమ, నైపుణ్యం పెట్టి పని చేసినవాడికి కూలి వచ్చేదాకా ఆ వస్తువును ఆపుకునే హక్కు ఉంది. కాకపోతే అది ఒప్పుకున్న పని ఒప్పుకున్నట్టు చేసినవాడికి. మీరు అడిగింది డేటా, వాళ్లు చేసింది అడగని ఎస్‌ఎస్‌డి. ఆ 6,500కు ల్యాప్‌టాప్ ఆపడం నిలవదు అనే నా అభిప్రాయం. అయినా నా సలహా వేరే. మీకు సీజన్ నడుస్తుంటే, చేతిలో మిషన్ లేకపోతే, కట్టేసి తెచ్చుకోండి. నగదు ఇవ్వకండి, యూపీఐలో కట్టి, ఆ వెంటనే వాట్సాప్‌లో ‘ఈ బిల్లుకు నేను ఒప్పుకోవడం లేదు, ల్యాప్‌టాప్, పాత డిస్క్ విడిపించుకోవడానికే అభ్యంతరంతో కడుతున్నాను’ అని రాయండి. అలా రాసి కట్టిన డబ్బు తర్వాత తిరిగి అడగొచ్చు. కట్టేముందు ఒక్క షరతు, పాత డిస్క్ బల్ల మీద పెట్టాలి. స్టిక్కర్ మీద ఉన్న మోడల్, సీరియల్ నంబర్ ఫొటో తీసుకోండి, వాళ్ల ముందే. ఏదో ఒక పాడైన డిస్క్ చేతిలో పెట్టి పంపినా మీకు తెలియదు కదా. మీరు ఎప్పుడైనా డిస్క్ వివరాలు చూపే క్రిస్టల్‌డిస్క్ఇన్ఫో లాంటి సాఫ్ట్‌వేర్ నడిపి స్క్రీన్‌షాట్ తీసి ఉంటే ఆ నంబర్‌తో సరిపోల్చండి. ఇంటికి తెచ్చాక దాన్ని ఎవరి సిస్టమ్‌కూ తగిలించకండి. యూట్యూబ్ చూసి ఫ్రిజ్‌లో పెట్టే ప్రయోగం అసలే వద్దు, లోపల తేమ చేరుతుంది.

‘డేటాకు బాధ్యత లేదు’ అన్న చీటీ గురించి. అది పూర్తిగా చెత్త కాగితం అని నేను అనను. డిస్క్ వాళ్ల దగ్గరికి రాకముందే పాడైంది, దానంతట అదే చచ్చింది అంటే ఆ వాక్యం వాళ్లకు పనికొస్తుంది. కానీ వాళ్ల నిర్లక్ష్యం వల్ల పోయిందని మీరు చూపిస్తే ఆ ఒక్క ముక్క పట్టుకుని తప్పించుకోవడం కష్టం, అందులోనూ మీరు సంతకం చేయని చీటీ, ‘డేటా ముఖ్యం’ అన్న మీ మెసేజ్‌కు వాళ్లు ‘ఓకే’ అని పెట్టి ఉంటే ఇంకా కష్టం. ఆ ‘ఓకే’ ఉందా లేదా చూడండి. ఆ ఫోన్ మార్చకండి, చాట్ డిలీట్ చేయకండి; భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద సర్టిఫికెట్‌తో ఆ చాట్ దాఖలు చేయాల్సి రావొచ్చు.

బలహీనత ఎక్కడుందో కూడా చెప్పాలి. షాపువాళ్లు ‘అది వచ్చేటప్పటికే డెడ్’ అంటారు. మీరు ‘లేదు, మీరు ఫార్మాట్ కొట్టి చంపారు’ అనాలి. దీనికి మీ మాట చాలదు, డేటా రికవరీ ల్యాబ్ రిపోర్ట్ కావాలి. అందుకే హైదరాబాద్‌లో క్లీన్ రూమ్ ఉన్న ల్యాబ్‌కు ఇచ్చేటప్పుడు, రికవరీ అయినా కాకపోయినా, డిస్క్ ఏ స్థితిలో వచ్చింది, ఫార్మాట్ జాడలు ఉన్నాయా, మూత ముందే విప్పారా అని లెటర్‌హెడ్ మీద రాసివ్వమని ముందే అడగండి. ఖర్చు అంచనా కూడా రాతపూర్వకంగా తీసుకోండి, హెడ్ మార్చాల్సి వస్తే బిల్లు పాత ల్యాప్‌టాప్ ధరను దాటిపోవడం మామూలే. మీ డిస్క్‌కు బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే విండోస్ ఏర్పాటు) ఉంటే 48 అంకెల రికవరీ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందేమో చూసుకోండి, అది లేకపోతే ల్యాబ్ డిస్క్‌ను బతికించినా ఫొటోలు తెరుచుకోవు.

ఫిర్యాదు వేసేది జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, నల్లగొండలోనే. మీరు చేసేది వ్యాపారం కదా, వినియోగదారుడు ఎలా అవుతారని వాళ్ల లాయర్ మొదటి రోజే లేవనెత్తుతాడు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోనే జవాబుంది, స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసమే వాడుకుంటే అది వాణిజ్య అవసరం కిందికి రాదు. కానీ ఆ మాట ఫిర్యాదులో మీరు రాయాలి, ‘నేను ఒక్కడినే స్టూడియో నడుపుకుంటాను, ఇదే నా జీవనాధారం’ అని. ఇది రాయక ఓడిపోయిన మంచి కేసులున్నాయి. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు ఉన్నవాటికి కోర్టు ఫీజు లేదు. గడువు రెండేళ్లు. లాయర్ తప్పనిసరి కాదు, మీ కేసు మీరే చెప్పుకోవచ్చు, ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి అనే ప్రభుత్వ పోర్టల్‌లో కూడా వేయొచ్చు. దానికి ముందు స్పీడ్ పోస్ట్‌లో ఒక నోటీసు పంపండి, పదిహేను రోజులు గడువివ్వండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తే కొన్ని షాపులు అక్కడికే దిగొస్తాయి. బిల్లు ఇవ్వకపోవడం కూడా ఆ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతే, దాన్ని విడిగా రాయండి. అడగాల్సింది కట్టిన డబ్బు, ల్యాబ్ ఖర్చు, ఆ పెళ్లి పని వల్ల నిజంగా నష్టపోయిన సొమ్ము, మానసిక వేదనకు పరిహారం, ఖర్చులు. పది లక్షలు, ఇరవై లక్షలు అని రాస్తే కమిషన్ ముందు తేలిపోతారు, కాగితంతో చూపించగలిగినంతే అడగండి.

ఇంటి ఆడవాళ్ల ఫొటోల భయం నాకు అర్థమవుతుంది. అనుమతి లేకుండా మీ డేటా కాపీ చేసుకుంటే సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం సెక్షన్ 43 కిందికి వస్తుంది, మోసపూరితంగా చేస్తే సెక్షన్ 66 కింద మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఒకవేళ డిస్క్‌ను దురుద్దేశంతో అమ్ముకున్నారని తేలితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 316, నమ్మకద్రోహం. అయితే ఆధారం లేకుండా, డిస్క్ రాబట్టడానికి ఒత్తిడి కోసం ‘ఫొటోలు కాపీ చేశారు’ అని పోలీస్ కంప్లైంట్ ఇవ్వకండి. స్టేషన్‌లో సివిల్ మ్యాటర్ అని పంపేస్తారు, పైగా మీ అసలు కేసు పలచనవుతుంది. ఏదైనా ఫొటో బయట కనిపిస్తే మాత్రం ఒక్క గంట ఆగకుండా స్క్రీన్‌షాట్‌తో సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. ఈలోపు గూగుల్, ఫేస్‌బుక్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చి అన్ని డివైస్‌లలో లాగౌట్ కొట్టండి, బ్రౌజర్‌లో సేవ్ చేసినవన్నీ ఆ డిస్క్‌లోనే ఉన్నాయి కదా. ఈ పని చాలామంది మరిచిపోతారు.

చివరగా పెళ్లివాళ్లు. ఇక్కడ మీకు నచ్చని మాట చెప్పాలి. మీకు షాపు ఎలాగో, వాళ్లకు మీరు అలాగ. షాపువాడు పాడుచేశాడని చెప్పి మీరు పూర్తిగా బయటపడలేరు, ఎందుకంటే కాపీ ఉంచుకోవాల్సింది మీరు. వాళ్లు కమిషన్‌కు వెళితే తీసుకున్న డబ్బు తిరిగి ఇవ్వమనడమే కాక పరిహారం కూడా వేయొచ్చు. క్రిమినల్ కేసు మాత్రం, మీకు దురుద్దేశం లేనప్పుడు, నిలవదు, దానికి భయపడకండి.

ఆ రోజు వాడిన మెమరీ కార్డులు ఎక్కడున్నాయి? తర్వాత ఫార్మాట్ చేసి ఇంకో ఫంక్షన్‌కు వాడేశారా? కెమెరాలో మామూలు ఫార్మాట్ కొట్టినా చాలాసార్లు పాత ఫొటోలు, వాటి మీద కొత్తవి పడనంత వరకు, కార్డులోనే ఉంటాయి. ఇప్పుడే ఆ కార్డులన్నీ కెమెరాల్లోంచి తీసి పక్కన పెట్టండి, ఒక్క షాట్ కూడా తీయకండి, ల్యాబ్‌కు డిస్క్‌తో పాటే ఇవ్వండి. సెకండ్ కెమెరామన్ కార్డు, ఆల్బమ్ డిజైనర్ దగ్గరికి పంపిన ఫోల్డర్, పెళ్లికూతురు అన్నకు వాట్సాప్‌లో పంపిన సెలెక్షన్ ఫొటోలు, అన్నీ వెతకండి. దొరికినంత వరకు ఆల్బమ్ వేసిస్తామని, మిగతాదానికి ఇంత వాపస్ ఇస్తామని చెబితే సగం కోపం అక్కడే తగ్గుతుంది.

ఒప్పందం నోటిమాటతో వదిలేయకండి. నల్లగొండ కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఫీజు ఉండదు, అక్కడ ఇద్దరూ సంతకం పెడితే అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు కూడా ఉండదు. వెళ్లేటప్పుడు పెళ్లివాళ్లతో రాసుకున్న ప్యాకేజీ కాగితం, అడ్వాన్సు యూపీఐ వివరాలు, షాపు చీటీ, ల్యాబ్ రిపోర్ట్ వస్తే అది కూడా తీసుకెళ్లండి. న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేసినా వాళ్లు దారి చెబుతారు.